మేకు కొట్టరాని గోడలు

ఈ సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసినదని సంఘమువారు కోరినప్పుడు, షోలాపూరు తెలుగువారి మగ్గములను గురించియో, శ్రావణ పూర్ణిమనాడు సాగు మార్కండేయ రథోత్సవమును గురించియో మేము వ్రాయుదుమని వారు తలచియుందురు. ఆ విషయములు మాకంటె బాగుగ నెఱిగినవారు మన నడుమ పలువురు గలరు. మేము వ్రాయబోవునది కరీబియను సముద్రమునందలి యొక దీవిలో గడపిన ఏడు దినముల ముచ్చట. సంస్కృతీ వ్యాసముల నడుమ విహారయాత్ర యేల యని చదువరులు అడుగవచ్చును. కడవరకు చదివినచో ఇది మన యిండ్ల ముచ్చటయే యని వారికే తోచగలదు.

మా తాతగారు నల్లగొండ ప్రాంతమునందలి యొక పల్లెనుండి కరవునాట మూట నెత్తికెత్తుకొని షోలాపూరు చేరిరి. 1877 ప్రాంతమున అచట మొదటి నూలుమిల్లు నడువసాగిన పిమ్మట మనవారు వందలుగ, వేలుగ ఆ యూరికి తరలిరి. నాలుగు నెలలు పని చేసికొని, వానలు పడగనే తిరిగి పోవుదమని వచ్చినవారే యెక్కువ. వానలు పడినవి, పోయినవారు అరుదు. మా తండ్రిగారు ఆ యూరి తూర్పు పేటలోనే పుట్టి, మగ్గముమీద బ్రతికి, అచటనే కన్నుమూసిరి. మేము మరాఠీ బడిలో చదువుకొని, ముప్పదియేండ్లు బడిపంతులుగ పనిచేసి విరమించితిమి. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. ఇది మీ యందరి కథవంటిదే గనుక పెంచి వ్రాయబనిలేదు.

మా కుమార్తెయు అల్లుడును అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున నున్నారు. కుమారుడు పూనాలో నున్నాడు. 2024 జనవరిలో మేమిద్దరము కుమార్తె యింట నుండగా, అల్లుడు ఒకనాటి సాయంకాలము, "మామయ్యా, మన వారం వచ్చింది. సెయింట్ మార్టిన్ పోదాం" అనెను. మన వారమేమి, పరుల వారమేమి? వారమన్నది లోకమున కంతకు నొక్కటియే గదా యని మేము నవ్వితిమి. అప్పుడతడు టైంషేరు అను ఏర్పాటును మాకు వివరించెను.

సముద్రతీరమున పెద్ద వసతిగృహము నొకదానిని కట్టుదురు. అందలి యొక్కొక్క బసను ఒక్కరికి అమ్మక, ఏడాదిలోని 52 వారములుగ విడదీసి, మరమ్మతులకు ఒకటి రెండు వారములు మినహాయించి, తక్కినవానిని వారమునకొక్కరుగ ఏబదిమందికి అమ్ముదురు. కొన్నవాడు ప్రతియేట తన వారమున వచ్చి ఆ బసలో నుండవచ్చును. కొన్ని చోట్ల ఇది దస్తావేజుతో గూడిన స్థిరాస్తి. కొన్ని చోట్ల ఇన్ని యేండ్లవరకని వ్రాసికొన్న అనుభవహక్కు మాత్రమే. ఈ పద్ధతి 1960 తరువాతి దశాబ్దమున ఐరోపాలో, ఆల్ప్సు కొండల మంచు విహారస్థలములలో తలయెత్తినది. 1974లో అమెరికాలో ఈ వారములను మార్పిడి చేయు సంస్థ యొకటి వెలసినది. దానితో ఒకడు తన సముద్రపు వారము నిచ్చి, వేరొకని కొండ వారమును పుచ్చుకొను వీలు కలిగినది. పిదప వారములకు బదులు పాయింట్లను అమ్ము పద్ధతియు వచ్చినది. చలిదేశములవారు వెచ్చని సముద్రమును వెదకుకొనుచు వచ్చుదురు గనుక, కరీబియను దీవులలో జనవరి, ఫిబ్రవరి వారములకు గిరాకి హెచ్చు. తుపానుల కాలమైన సెప్టెంబరు వారములకు గిరాకి తక్కువ. మా యల్లుడు 2014లో జనవరి మాసపు మూడవ వారమును కొనియుండెను. అదియే "మన వారము".

ఆ దీవి మన తాలూకా యంతయు లేదు. మొత్తము వైశాల్యము సుమారు 87 చదరపు కిలోమీటర్లు. అంతటి చిన్న నేలను 1648లో ఫ్రెంచివారును డచ్చివారును ఒడంబడిక చేసికొని రెండుగ పంచుకొనిరి. ఉత్తరభాగము ఫ్రెంచివారిది, దక్షిణభాగము డచ్చివారిది. ఇన్ని శతాబ్దములు గడచినను ఆ పంపకము నిలిచియే యున్నది. ఒకవైపు యూరో నాణెము, ఒకవైపు గిల్డరు, ఇరువైపుల డాలరు చెల్లును. విమానము డచ్చి భాగమున దిగును. దిగు చోట రన్‌వే కొనయు సముద్రపు టిసుకయు దాదాపుగ కలిసియుండును. నడుమ నొక్క రోడ్డు మాత్రమే. ఇసుకలో నిలిచినవారి నెత్తిమీదుగనే విమానములు పోవుచుండును. ఆ చోద్యము చూచుటకై దేశదేశములనుండి జనము వచ్చి చేతులెత్తి నిలుచుందురు.

మా బస మూడవ అంతస్తున నుండెను. రెండు పడకగదులు, ఒక హాలు, వంటయిల్లు, సముద్రమువైపు వరండా. సముద్రపు రంగు మేము ముంబయిలోను, మచిలీపట్టణమునను చూచినది గాదు. ఒడ్డున లేతపచ్చ, కొంచెము దూరమున నెమలికంఠము, ఆపైన ముదురు నీలము. తూర్పుగాలి రేయింబవళ్లు ఒక్క తీరున వీచుచుండెను. వంటయింటి గోడకు ఒక పట్టిక అంటించియుండిరి: పళ్లెములు ఆరు, గిన్నెలు ఆరు, చెంచాలు ఆరు, కత్తులు ఆరు. వారాంతమున లెక్క సరిపోవలెను. మా గృహిణి షోలాపూరునుండి తెచ్చిన పల్లీల కారపుపొడిని బల్లమీద నుంచి, జొన్నపిండి కలిపి రొట్టె చేయబూనెను. రొట్టెవరకు బాగుగనే జరిగెను. పప్పునకు తిరుగమాత వేయగనే ఇంటికప్పునందలి పొగగంట గొల్లుమని మొఱ్ఱపెట్టెను. కాపలావాడు పరుగెత్తి వచ్చెను. ఎండుమిరపకాయ ఘాటునకు దగ్గుచు, తుమ్ముచు, నవ్వుచు అతడు కిటికీలన్నియు తెఱచిపోయెను. ఆనాటినుండి తిరుగమాత లేని పప్పే మాకు ప్రాప్తమయ్యెను.

నిబంధనల కాగితమును మా గృహిణి అల్లునిచేత చదివించుకొనెను. పదిగంటలకు తరువాత గట్టిగ మాటలాడరాదు. తడిబట్టలు వరండా కటకటాలపై ఆరవేయరాదు. గోడలకు మేకులు కొట్టరాదు, పటములు తగిలింపరాదు. ఈ కడపటి మాట వినగనే ఆమె మావైపు ఒక్కమారు చూచి, చూపు త్రిప్పుకొనెను. ఆ చూపునకు అర్థము మాకు తెలియును. అది తరువాత చెప్పెదము.

రెండు దినములు సుఖముగనే గడచినవి. ఉదయమున ఇసుకలో నడచుట, పగలు నీడలో కూర్చుండుట, సాయంకాలము మనుమరాలితో అలలలో కాళ్లు తడుపుకొనుట. ఒక తీరమున పచ్చగ గుబురుగ నున్న చెట్టు నీడకు మేము పోబోగా, అల్లుడు కేకవేసి ఆపెను. ఆ చెట్టు మొదట ఎఱ్ఱరంగు పట్టి పూసియుండెను. దానిని మాన్చినీలు అందురట. కాయ చిన్న ఆపిలుపండువలె ముద్దుగ నుండును, తినినచో ప్రాణాపాయము. పాలు తగిలినచో చర్మము బొబ్బలెక్కును. వానలో దాని క్రింద నిలిచినను ఆకులనుండి జారు నీరు ఒడలిని కాల్చునట. నీడ యున్నంత మాత్రమున నిలువదగిన చోటు గాదని ఆ చెట్టు మాకు నేర్పెను.

మూడవనాడు ఉపాహారమునకు పిలుపు వచ్చెను. తొంబది నిమిషములు వారి మాటలు వినినచో, భోజనమునకు చీటీయు పడవ విహారమునకు టికెట్లును ఉచితమనిరి. అల్లునికి ఇష్టము లేదు. "మామయ్యా, వాళ్లు వదలరు" అనెను. మేమే కుతూహలముతో పోయితిమి. తొంబది నిమిషములు రెండున్నర గంటలాయెను. అమ్మకపు వ్యక్తి మిక్కిలి మర్యాదస్థుడు. మాకు పిల్లలెందఱు, మనుమలెందఱు, ఎచటెచట నున్నారు అని ప్రేమతో అడిగెను. "ఏడాదికి ఒక్క వారము మీ వారందఱు ఒకచోట కలిసికొనుట యెంత భాగ్యము! ఇది మీకే గాదు, మీ పిల్లలకు, వారి పిల్లలకును చెందు ఆస్తి" అనెను. మొదట చెప్పిన వెల పెద్దది. కాదనగా వేరొకరు వచ్చి తగ్గించిరి. మరల కాదనగా మూడవవారు వచ్చి మఱింత తగ్గించి, ఈ వెల ఈ పూటకు మాత్రమే యనిరి.

నిజము దాచనేల? మేము లోలోన కదిలితిమి. పూనాయు న్యూజెర్సీయు ఒక్క కప్పు క్రింద వారము దినములుండునను మాట ఏ తల్లిదండ్రులను కదలింపదు? కలము మా చేతికి వచ్చినంత పనియాయెను. అప్పుడు మా గృహిణి తెలుగున అల్లునితో, "ఒక్కమాట అడుగు నాయనా. ఈ ఏబైమంది వస్తారు, పోతారు. కప్పు కారితే ఎవరు చూస్తారు?" అనెను. అల్లుడు అడిగెను. దానికొక సంఘము గలదనియు, అందఱును ఏటేట నిర్వహణ రుసుము కట్టుదురనియు ఆయన చెప్పెను. ఆ రుసుము ఏటేట పెరుగుననియు, వచ్చినను రాకున్నను కట్టవలసినదే యనియు, 2017 సెప్టెంబరు 6న వచ్చిన ఇర్మా తుపాను పిమ్మట ప్రత్యేక చందా యని మఱికొంత సొమ్ము రాబట్టిరనియు, ఇప్పుడు అమ్ముకొందమన్నను కొనువాడు లేడనియు అల్లుడు మాకు మెల్లగ తెలుగున చెప్పెను. పిల్లలకు సంక్రమించునది ఆస్తి మాత్రమే గాదు, ఆ బాకీయు కొన్ని ఒప్పందములలో వెంబడించును. మేము కలము క్రింద బెట్టి లేచితిమి.

మెట్లు దిగుచు మా గృహిణి, "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? అందరిదీ అంటే ఎవరిదీ కాదు" అనెను. కొంత తడవునకు, గొంతు తగ్గించి, "అత్తమ్మకు మనం చేసింది ఇదే గదా" అనెను.

ఇక దాచినది చెప్పవలసియున్నది. మేము నలుగురము అన్నదమ్ములము. పెద్దన్న షోలాపూరులోనే పాత యింట, రెండవయన్న భివండిలో మరమగ్గములపై, మేము షోలాపూరులోనే వేరొక పేటలో, తమ్ముడు సూరతులో. మా తండ్రిగారు 1988లో పోయిన పిమ్మట తల్లిగారిని ఎవరు చూడవలెనను ప్రశ్న వచ్చినది. పెద్దలు కూర్చుండి తీర్పు చెప్పిరి: ఒక్కొక్కరి యింట మూడు నెలలు. అందఱమును సమ్మతించితిమి. అది న్యాయమైన తీర్పని, ఎవరికిని భారము గాదని సంతోషించితిమి. ఆమెను ఎవరును అడిగినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఆమెకు ఒక ట్రంకుపెట్టె యుండెను. అందు నాలుగు చీరలు, ఒక రాగిచెంబు, అద్దము కట్టించిన మార్కండేయస్వామి పటము. మూడు నెలలకొకమారు ఆ పెట్టె రైలెక్కుచుండెను. ఒకమారు మా యింటికి వచ్చినప్పుడు ఆమె, "కొడుకా, ఇక్కడ ఒక మేకు కొట్టు. స్వామిని పెట్టుకుంటా" అని గోడ చూపించిరి. అప్పటికి ఆమె గడువు ఇంక నెల మాత్రమే మిగిలియున్నది. కొత్తగ సున్నము కొట్టించిన గోడ. "ఇంకో నెలలో సూరత్ పోతావు గదమ్మా, ఈ కొంచెం దానికి మేకెందుకు?" అంటిమి. ఆమె సరేననిరి. మరల అడుగలేదు. అన్నదమ్ములలో ఎవరి యింటనైనను ఆ పటము గోడకెక్కెనా యని తరువాత విచారించితిమి. ఎక్కలేదు. పదునొకండు సంవత్సరములు స్వామి పెట్టెలోనే యుండిరి. 1999లో, తమ్ముని వంతులో, సూరతులో ఆమె కన్నుమూసిరి. పెట్టె రైలులో షోలాపూరు వచ్చినది. నాటినుండి మా మంచము క్రిందనే యున్నది. మేము తెఱువలేదు.

మేమందఱమును ఆమెకు అన్నము పెట్టితిమి, మందు లిప్పించితిమి, ఎవరును పరుషముగ మాటలాడలేదు. లోపమెచ్చటనని అడిగినచో చూపుటకు ఏమియు లేదు. ఏ యింటనైనను ఆమెకు ఇంకెన్ని దినములు మిగిలెనో అందఱికి తెలిసియుండెను, ఆమెకును తెలిసియుండెను. అదియే లోపము.

ఈ తలపులతో నున్న మాకు ఐదవనాటి రాత్రి వేరొకటి సిద్ధమై యుండెను. మనుమరాలు నిద్రించిన పిమ్మట వరండాలో కుమార్తె మా ప్రక్కన కూర్చుండి, మా గృహిణి చేయి పట్టుకొని చెప్పెను. "నాయనా, తమ్ముడూ నేనూ మాట్లాడుకున్నాం. మీరిద్దరే ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటారు? ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు వాడి దగ్గర ఉండండి. ఇక్కడ ఎటూ వీసామీద ఆరు నెలలకంటే ఎక్కువ ఉండనీయరు. ఇల్లు అమ్మేస్తే మీకు చింత తీరుతుంది."

ఆ మాటలో ప్రేమ తప్ప వేరేమియు లేదు. మేము మా తల్లిగారికి చెప్పిన మాటలోను అంతే. మేమేమియు పలుకలేదు. సముద్రము మాత్రము పలుకుచుండెను. "ఆలోచించుకోండి" అని ఆమె లోనికి పోయెను. ఆ రాత్రి మేమిద్దరము నిద్రపోలేదు. పంచుకొనుట యన్నది పంచువారికి సులువు. పంపకమైనవారికి ఎట్లుండునో మొదటిమారు తెలియవచ్చినది.

మఱునాడు ఫ్రెంచి భాగపు ముఖ్యపట్టణమైన మారిగో సంతకు పోయితిమి. సరిహద్దున తనిఖీ లేదు, గేటు లేదు. ఒక స్తంభము, రెండు జెండాలు మాత్రమే. రేవు ప్రక్కన సంత. చేపలు, కూరగాయలు, వనిల్లా కాయలు, మసాలా పొడులు. ఒక దుకాణమున వేలాడు బట్టలను చూచి మేము నిలిచిపోయితిమి. ఎఱుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ గళ్ల బట్ట. అమ్మునామె తలకును అదే గుడ్డ చుట్టుకొనియుండెను. దాని పేరేమని అడిగితిమి. "మద్రాస్" అనెను.

మగ్గపు కులమున పుట్టినవారము గనుక మాకు ఆ పేరు వినగనే ఒడలు పులకించినది. చీరాల ప్రాంతమున మనవారు గజము నలుచదరపు గళ్ల రుమాళ్లను నేసి పడమటి ఆఫ్రికాకు ఎగుమతి చేయుచుండిరి. వానికి మద్రాసు రుమాళ్లనియే వ్యవహారము. కరీబియను ఫ్రెంచి దీవులలో ఈ గళ్లబట్ట స్త్రీల పండుగ వేషమే యైనది. మేము ఆ బట్టను చేతితో తడవి చూచితిమి. మిల్లు బట్ట, గళ్లు నేసినవి గావు, అచ్చువేసినవి. ఐనను ఆ గళ్ల పొందిక మాత్రము మన మగ్గములదే.

మేము ఇండియావారమని తెలిసి ఆమె ముఖము వికసించెను. ఆమె గ్వాడెలూపు దీవినుండి వచ్చి ఇచట స్థిరపడినదట. ఆమె ముత్తవ్వకు తల్లి ఇండియానుండి ఓడలో వచ్చెనట. ఏ యూరో, ఏ భాషయో ఆమెకు తెలియదు. మాకు తెలిసినంత చరిత్ర ఇది: 1848లో ఫ్రెంచివారు తమ దీవులలో బానిసత్వమును రద్దుచేసిన పిమ్మట చెఱకుతోటలలో పనికి మనదేశమునుండి కూలీలను పిలిపించిరి. 1854 డిసెంబరులో మొదటి ఓడ గ్వాడెలూపు చేరినది. 1889 వరకు దాదాపు 42 వేలమంది ఆ దీవికి వచ్చిరి. పుదుచ్చేరి, కారైకాల్ రేవులనుండి బయలుదేరినవారిలో తమిళులు హెచ్చు, తెలుగువారును కలరు. మన యానాం రేవునుండియు ఫ్రెంచి వలసదీవులకు కూలీలు ఓడలెక్కిరి. ఒప్పందము ఐదు సంవత్సరములకు మాత్రమే. గడువు తీరిన పిమ్మట తిరిగి పంపుదుమని మాట. కొందఱు తిరిగిపోయిరి, పలువురు ఆ తోటలలోనే మరణించిరి, తక్కినవారు నిలిచిపోయిరి. నిలిచినవారికి పౌరహక్కులు 1923 వరకు నిలకడగ దక్కలేదు. అందుకై ఆన్రీ సిదంబరం అను ఆయన యేండ్ల తరబడి వ్యాజ్యము నడపవలసివచ్చెను.

ఆమె మాకొక మసాలా పొడిని చూపించి "కొలొంబో" అనెను. మూత తీయగనే ధనియాలు, మెంతులు, ఆవాలు, పసుపు ఘుమ్మని కొట్టినవి. మా గృహిణి చిటికెడు నాలుకపై వేసికొని, "మెంతులు ఎక్కువైనాయి" అని తెలుగున తీర్పు చెప్పెను. దుకాణము వెనుకగోడకు ఒక చిన్న పటము వ్రేలాడుచుండెను. అద్దము పగిలియుండెను. లోని రూపము మాసిపోయి, ఎఱ్ఱచీర మాత్రమే కనబడుచుండెను. మా చూపు గమనించి ఆమె, "మాలియెమెన్" అనెను. మారెమ్మ! తమిళుల మారియమ్మనే అచట అట్లు పిలుతురట. ఇర్మా తుపానులో ఈ దుకాణపు కప్పంతయు ఎగిరిపోయినదనియు, గోడయొకటి కూలినదనియు, తానును తన కుమారుడును మరల కట్టుకొంటిమనియు ఆమె చెప్పెను. "అన్నిటికంటె ముందు ఈ మేకు కొట్టితిని. తరువాత కప్పు వేసితిని" అని నవ్వెను.

ఐదేండ్ల గడువుపై వచ్చిన ఆ ముత్తవ్వ తల్లి, గడువును మఱచి గోడలో మేకు కొట్టినది. నాలుగు నెలల పనికని వచ్చిన మా తాతగారును అంతే. షోలాపూరు మాదెట్లైనదని మమ్మెవరైనను అడిగినచో ఇన్నాళ్లు మాకు సరియైన జవాబు తోచెడిది కాదు. మాటలో యాస యున్నదనియు, ఇంటిపేరు వేరనియు ఎంచువారు ఎల్లకాలము నుందురు గదా. కారుచున్న కప్పును విడిచిపోక కప్పుకొన్నవాని యూరు అది. ఏబదిమంది సొమ్ముపెట్టి కొన్నను ఆ బస వారిలో నొక్కరిదియు గాదు. పంచితే ఇల్లు చిన్నదైనను ఇల్లే. కాలమును పంచితే మాత్రము అది సత్రమగును. మనిషియును అట్లే.

ఆ రాత్రి మేము కుమార్తెను పిలిచి, మా తల్లిగారి పెట్టె కథ మొదటినుండి చెప్పితిమి. ఆమెకు నాయనమ్మ జ్ఞాపకమున్నది గాని, మేకు మాట తెలియదు. చెప్పుచుండగా మా గొంతు రెండుమార్లు నిలిచినది. "మీరు ప్రేమతోనే అడిగినారు, తల్లీ. మేమూ ప్రేమతోనే చేసినాం. వస్తాం, మనుమరాలిని చూసుకొని పోతాం. చుట్టాలుగా వస్తాం. కాని వంతుకు రాము. ఇల్లు ఇప్పుడు అమ్మము" అంటిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "సరే నాయనా. కాని మీలో ఒక్కరే మిగిలిననాడు?" అని అడిగెను.

దానికి మా కడ జవాబు లేకపోయెను. మా గృహిణియే మెల్లగ పలికెను: "అప్పుడు మీ ఇద్దరిలో ఎవరింటికైనా ఒక్క ఇంటికే. రెండోవాళ్లు వచ్చి చూసి పోవాలి. ఆ ఇంట్లో మాకొక గోడ ఇవ్వండి. అంతే." కుమార్తె ఆమె ఒడిలో తల పెట్టుకొనెను. అల్లుడు గుమ్మమున నిలిచి వినుచుండెను గాని, లోనికి రాలేదు.

శనివారము పదిగంటలకు బస విడువవలెను. శుభ్రముచేయు స్త్రీ వచ్చి చెంచాలు లెక్కపెట్టెను, ఆరును ఉన్నవి. పడకగది కిటికీ సరిగ మూసికొనుట లేదని మేము చెప్పగా, ఆమె, "నాకు తెలియును. తుపాను నాటినుండి అంతే. ఏడాదికి ఏబదిమంది చెప్పుదురు" అని నవ్వి, జేబునుండి మడిచిన అట్టముక్క తీసి, ఏ మూలను ఎట్లు దోపవలెనో అట్లు దోపెను. కిటికీ మూసికొనెను. ఆ బస ఎవరిదని మమ్మడిగినచో ఆమెదియే యందుము. ఆమె పేరు ఏ దస్తావేజులోను ఉండదు.

షోలాపూరు చేరిన మఱునాడు మంచము క్రిందనుండి పెట్టె లాగితిమి. తాళము తుప్పుపట్టియుండెను, విరుగగొట్టవలసివచ్చెను. చీరలు చిల్లులు పడినవి. చెంబు నల్లబడినది. పటము మాత్రము చెక్కుచెదరలేదు. ఏ గోడ చూపి ఆమె మేకు కొట్టుమనిరో ఆ గోడకే మేకు కొట్టితిమి. పాత గోడ గనుక అరచేతిమేర సున్నము పెళ్లగిలినది. మొదటి మేకు వంగినది, రెండవది నిలిచినది. పెళ్లగిలిన చోటును పూడ్చుమని తాపీవాడు మరునాడు వచ్చినను మేము వలదంటిమి.

అల్లుడు తన వారమును సంస్థవారికే తిరిగి యిచ్చివేయుటకు వ్రాతకోతలు నడుపుచున్నాడు. ఇంకను తెమలలేదు. పూనానుండి కుమారుడు వచ్చి, గోడను చూచి, అక్క చెప్పినదని మాత్రము అనెను. రెండు దినములుండి పోవుచు, తన యింట తూర్పుగది గోడకు ఇంతవరకు ఏమియు తగిలింపలేదని చెప్పిపోయెను.

ఇది వ్రాయుట సంఘమువారి కోరికకు తగినదో కాదో మాకు తెలియదు. మన యిండ్లలో ఇప్పుడు పలువురు తల్లిదండ్రులు వంతులలో నున్నారు. వారి పెట్టెలలో పటములు కలవు. ఈ సంచిక వారి బిడ్డల చేతికి అందినచో, తల్లి యింకెన్ని దినములుండునో లెక్కింపక, ఆమె ఏ గోడ చూపునో ఒక్కమారు అడిగి, ఆనాడే సుత్తి తీసికొందురని వ్రాసితిమి.